ముంగట నిలబడి ఓడిన పిల్ల

ఇరవై ఏళ్లు దాటింది. మొన్నమొన్నటి దాకా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, మా అక్కకు చెప్పలేదు, కడుపున పుట్టిన బిడ్డకు కూడా చెప్పలేదు. మోసి మోసి విసుగొచ్చింది. కాదు, విసుగు అన్నది మర్యాద మాట. కోపం వచ్చింది. మొదట నా మీద. తర్వాత ఇన్నేళ్లూ నన్ను మెచ్చుకున్న ప్రతి ఒక్కరి మీద. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగొద్దు. ఆ ధైర్యం ఇంకా రాలేదు, దాని మీద కూడా నాకు కోపమే.

నిజామాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. ఆటల కోటాలో వచ్చిన ఉద్యోగం. కొత్తగా ఎవరు చేరినా, "మేడమ్ ఒకప్పుడు నాలుగు వందల మీటర్ల పరుగులో జిల్లా ఫస్టు" అని పరిచయం చేస్తారు. నేను నవ్వుతాను. తల కొంచెం వంచి, అదేమంత గొప్ప కాదన్నట్టు నవ్వుతాను. ఆ వినయం చూసి ఇంకా మెచ్చుకుంటారు. ఆ జిల్లా ఫస్టు నాది కాదు. గంగామణిది. నేను దొంగతనం చేశాను.

ఒక్క మాటలో అయిపోయింది చూడండి. దీనికి ఇరవై ఏళ్లు పట్టిందా? ఇంతే అయితే పట్టకపోను. చిన్నతనంలో చేసిన తప్పు అని ఎప్పుడో ఒకసారి నాలుక కరుచుకుని చెప్పేసేదాన్ని. చేసిన పని కంటే, చేశాక నోరు మూసుకుని కూర్చున్నానే, అదే పెద్ద పాపం. అదెలాగో తెలియాలంటే మొదటి నుంచి వినాలి.

మాది బోధన్. ఎనభైల్లో అక్కడ చలికాలం వచ్చిందంటే ఊరంతా చెరకే. ఎడ్లబండ్లు చక్కెర ఫ్యాక్టరీ కాటా కోసం రోడ్డు పొడుగునా బారులు తీరి నిలబడేవి. ఒక్కోసారి బండి వంతు వచ్చేసరికి రెండు రోజులు పట్టేది. మా బాపు ఫ్యాక్టరీలో సున్నం కలిపే చోట పనిచేసేవాడు. చెరకు రసంలో మడ్డి తీయడానికి సున్నం పోస్తారు. ఇంటికొచ్చేసరికి ఆయన చేతులు పగిలి, వేళ్ల సందుల్లో నెత్తురు కనిపించేది. పనికిరాక మిగిలిన సున్నం సంచులు మా స్కూలు గ్రౌండుకు ఇచ్చేవాళ్లు. సంచి తెచ్చేది మా బాపు, అందుకని ట్రాక్ మీద గీతలు గీసే పని నాకు దక్కింది. పీటీ సారు తాడు పట్టుకుని ముందు నడిస్తే, నేను చిల్లుల డబ్బాతో సున్నం చల్లుకుంటూ వెనక నడిచేదాన్ని. నా పక్కనే బకెట్టు మోసుకుంటూ గంగామణి నడిచేది.

గంగామణి నా క్లాసే. వాళ్ల అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది, ఇదీ చుట్టేది. పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకుని నాలుగైదు కట్టలు చుట్టి, అప్పుడు గ్రౌండుకు వచ్చేది. వేళ్లకు తంబాకు వాసన పోయేది కాదు. బూట్లు లేవు, నాకూ లేవు. ఇద్దరం ఉత్త కాళ్లతోనే పరిగెత్తేవాళ్లం. మొదటి మూడు వందల మీటర్లు ఇద్దరం సమానం. ఆఖరి వందలో అది నన్ను దాటేది. ఎక్కువ కాదు, ఒకటి రెండు అడుగులు. కానీ ప్రతిసారీ. దాటేటప్పుడు నా వైపు చూసేది కూడా కాదు. నాకు అక్కడ మండేది.

ఇక్కడ కొంచెం ట్రాక్ సంగతి చెప్పాలి, విసుక్కోకండి. నాలుగు వందల మీటర్లంటే మా గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు. ఆరుగురికి ఆరు లైన్లు, ఎవరి లైనులో వాళ్లే పరిగెత్తాలి. లోపలి లైను చుట్టు చిన్నది, బయటికి పోయేకొద్దీ పెద్దది. అందరినీ ఒకే గీత మీద నిలబెడితే బయట ఉన్న పిల్ల ముప్పై మీటర్ల పైనే ఎక్కువ పరిగెత్తాలి. అందుకని ఒక్కో లైనుకు ఏడు మీటర్ల చిల్లర చొప్పున ముందుకు జరిపి, మొదలు గీత గీస్తారు. తెలియనివాళ్ల కంటికి బయటి లైను పిల్ల చాలా ముందు నిలబడ్డట్టు కనిపిస్తుంది. నిజానికి అందరిదీ ఒకటే దూరం.

పీటీ సారు ఇదంతా ఒకరోజు మట్టిలో పుల్లతో గీసి నాకు చెప్పాడు. ఆ రోజు గంగామణి బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. మర్నాడు నన్ను అడిగింది, "ముంగట ఎందుకు నిలవెడ్తరే?" అని. చెప్పొచ్చు కదా? రెండు నిమిషాల పని. "సారు వెట్టిండు, నీకెందుకు? నీ గీత మీద నువ్వు నిలవడు" అన్నాను. నాకు తెలిసింది దానికి తెలియకపోవడం నాకు బాగుంది. బుద్ధి అప్పుడే వంకరగా ఉందన్నమాట.

ఆ ఏడు హైదరాబాద్‌లో ఆటల హాస్టల్‌కు జిల్లా మొత్తం మీద ఈ పరుగులో ఒక్క అమ్మాయినే తీసుకుంటామన్నారు. తిండి, చదువు, బట్టలు వాళ్లవే. తర్వాత ఉద్యోగం కూడా వస్తుందని సారు చెప్పాడు. సెలక్షన్లు బోధన్‌లోనే, మా గ్రౌండులోనే. ముందు రోజు చీటీలు తీశారు. నాకు రెండో లైను, గంగామణికి అయిదు. మిగిలిన నలుగురూ బయటి ఊళ్లవాళ్లు. వాళ్ల పరుగు అంతకుముందు వేరే పోటీల్లో చూశాను, వాళ్లతో నాకు భయం లేదు.

పోటీ రోజు తెల్లారి గ్రౌండుకు పోతే గీతలు సగం లేవు. రోడ్డు మీద చోటు చాలక చెరకు బండ్లు గ్రౌండులోకి వచ్చి నిలబడ్డాయి. ఎడ్లు తొక్కి, చక్రాలు తిరిగి, సున్నం మట్టిలో కలిసిపోయింది. సారు తల పట్టుకున్నాడు. బండ్లవాళ్లను బతిమాలి పక్కకు తోలిస్తూ, "బిడ్డా, నువ్వు పొయ్యి మొదలు గీతలు మల్ల గియ్యి. మొలలు కొట్టి పెట్టిన గదా, వాటి మీదికెల్లి గీసుకుంట రా" అన్నాడు. ఒక్కో లైను మొదలు దగ్గర ఆయన ఇనుప మేకు కొట్టి ఉంచాడు, గీత చెరిగినా కొలత పోకుండా.

డబ్బా, సున్నం బకెట్టు తీసుకుని పోయాను. ఒకటి గీశాను. రెండు, మూడు, నాలుగు. అయిదు దగ్గరకు వచ్చి ఆగాను.

ఎంతసేపు ఆగాను? చాలాసేపు అని మీకు చెప్పాలని ఉంది. చాలాసేపు నాలో నేను కొట్లాడుకున్నానని, చేతులు వణికాయని, దేవుణ్ని తలుచుకున్నానని చెప్పాలని ఉంది. అదంతా అబద్ధం. ఏడో తరగతి పిల్లకు కూడా వచ్చే ఉపాయం అది. వంగాను, మేకు పీకాను, రెండు అడుగులు వెనక్కి జరిపి రాయితో కొట్టాను. ఎంత జరపాలో కూడా నాకు తెలుసు. గంగామణి నన్ను ఎప్పుడూ ఎంత తేడాతో దాటేదో అంతే జరిపాను. ఇంకొంచెం ఎక్కువ జరిపితే సారు కంటికి ఆనుతుందేమోనని కూడా ఆలోచించాను. అంత తెలివి! ఆ తెలివిని తలుచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

గీత గీసి లేచేసరికి గంగామణి వచ్చింది. బకెట్టు నా చేతిలోంచి అందుకుంది. అయిదో గీత మీద నిలబడి రెండుసార్లు ఎగిరి చూసుకుంది. "నా గీత మంచిగ తెల్లగ గీసినవే" అంది. నేను ఆరో గీత గీయడానికి పోయాను.

పోటీ వేళకు ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. వంతు రాని బండ్లవాళ్లకు వేరే పని లేదు, బండ్ల మీదెక్కి కూర్చున్నారు. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ మనుషులు, స్కూలు పిల్లలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. గంగామణి వాళ్ల అవ్వ మొదటిసారి వచ్చింది. పనిదినం పోగొట్టుకుని వచ్చింది. సారు స్టాప్‌వాచీ పట్టుకుని ఆఖరు గీత దగ్గర ఉన్నాడు. మొదలు గీతల వైపు మళ్లీ చూడలేదు. ఎందుకు చూస్తాడు? గీసింది నేను కదా, ఆయన నమ్మిన పిల్ల.

పరిగెత్తాం. ఆఖరి వందలో పక్కన అడుగుల చప్పుడు వినిపించింది, దగ్గరికి, ఇంకా దగ్గరికి. జానెడు తేడాతో నేను గెలిచాను. జానెడు!

ఇప్పుడు అసలు సంగతి. నేను మీకు చెప్పాలనుకున్నది ఇది. బండ్ల మీది నుంచి ఒకడు గట్టిగా అరిచాడు, "గంత ముంగట నిలవెట్టినా ఓడిపాయెనే!" అని. అంతే, నవ్వులు. బయటి లైనులో ముందు నిలబడ్డది కదా గంగామణి, జనం కళ్లకు అది ఇరవై మీటర్లు ముందు మొదలుపెట్టి నా చేతిలో ఓడిపోయింది. ఒకరి వెనక ఒకరు అదే మాట. వాళ్ల అవ్వ జనంలోంచి వచ్చి దాని జబ్బ పట్టుకుని, "ముంగట నిలవెట్టినా గూడ గెలువలేకపోయినవ్ గదనే! నా ఒక్కపూట పని పాయె" అంది. అందరి ముందు. సారు కాగితాలు రాసుకుంటున్నాడు. ఆ గ్రౌండులో ముందు నిలబడటం అంటే ఏమిటో తెలిసిన మనుషులం ఇద్దరమే, సారు, నేను. ఆయన వినలేదు. నేను విన్నాను.

నోరు తెరిచి, "గట్ల కాదు, అది ముందు కాదు, అందరిదీ ఒకటే దూరం" అంటే సరిపోయేది. మేకు సంగతి చెప్పక్కర్లేదు. దొంగతనం దాచుకుంటూనే ఆ ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే నవ్వుతున్న జనం నన్ను చూసి చప్పట్లు కొడుతున్నారు. ఇరవై మీటర్లు వెనకబడి కూడా గెలిచిన పిల్లననుకున్నారు నన్ను. ఆ చప్పట్లు నాకు తియ్యగా ఉన్నాయి.

తర్వాత నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే గంగామణి వచ్చింది. ఏడవలేదు. "నేను ముంగటనే ఉంటి గదనే. ఎట్ల దాటినవ్?" అంది. నిజంగానే అడిగింది, దెప్పడానికి కాదు.

"ఆఖర్ల ఢీలా పడ్డవ్" అన్నాను.

"అవునేమొ" అంది. తన కాళ్లు చూసుకుని, "కాళ్లల్ల దమ్ము లేదు నాకు" అంది. నేను నల్లా కట్టేశాను.

ఊరు దానికి పేరు పెట్టింది, ముంగటి గంగ. కార్ఖానా ముందు బీడీలు అప్పజెప్పే వరసలో నిలబడితే, "ముంగటికి రా గంగా, ముంగట నిలవడ్డా ఎన్కనే ఉంటవ్ గదా" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లట. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మా అక్క చెప్పింది, తనూ నవ్వుతూ. నేనూ నవ్వాను. అది మళ్లీ గ్రౌండులో కాలు పెట్టలేదు. పదో తరగతి మధ్యలోనే బడి మానేసింది.

హాస్టల్‌లో నేనేం వెలగబెట్టానో కూడా చెప్పాలి. ఏమీ లేదు. రాష్ట్ర స్థాయిలో ఒక్కసారి కూడా ఫైనల్‌కు పోలేదు. కోచ్ ఒకసారి విసుగుతో, "మీ జిల్లాలో ఇంతకంటే పరిగెత్తేవాళ్లు లేరా?" అన్నాడు. ఉంది సార్, బీడీలు చుట్టుకుంటోంది, అనలేదు. సర్టిఫికెట్లు మాత్రం వచ్చాయి. ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వచ్చిన నెలలోనే పరుగు మానేశాను. పెళ్లి, పిల్లలు, తీరిక లేక మానేశానని అందరికీ చెప్పాను. అది అబద్ధం. సున్నం గీత చూస్తే ఆ మేకే కళ్ల ముందుకొచ్చేది, అందుకని మానేశాను. పదిహేనేళ్లు గ్రౌండు పక్క రోడ్డు మీద కూడా పోకుండా ఆఫీసుకు చుట్టు తిరిగి పోయాను.

మొన్నటి ఏడాది డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి షుగరు అంది. "బోధన్ దానికి షుగరు రాక ఇంకేమొస్తది?" అని ఆఫీసులో ఒకటే వేళాకోళం. పొద్దున నడవమంది డాక్టరమ్మ. నడవడానికి నిజామాబాద్‌లో గ్రౌండు తప్ప ఇంకేముంది? పోయాను. వారం రోజులు బయటి అంచున నడిచాను, లైన్ల వైపు చూడకుండా. ఎనిమిదో రోజు ఎందుకో ట్రాక్ మీద అడుగు పెట్టాను. పెట్టాక కాళ్లు ఆగలేదు. వంద మీటర్లు పోయేసరికి ఊపిరి అందక మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాను. పిక్కలు మండిపోయాయి. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. అయినా మళ్లీ పోయాను.

ఆ నెలలు ఎలా గడిచాయో చెబితే మీకు నా మీద అసహ్యం వేస్తుందేమో. సంతోషంగా గడిచాయి. చాన్నాళ్లకు ఒళ్లు నా మాట విన్నది. రెండు వందలు పరిగెత్తాను, మూడు వందలు, ఒకరోజు ఆగకుండా రౌండు పూర్తి చేశాను. నాతో పాటు నందిపేట నుంచి వచ్చే ఒక టీచరమ్మ, ధర్‌పల్లిలో పనిచేసే ఒక నర్సమ్మ పరిగెత్తేవాళ్లు. పొద్దున్నే ముగ్గురం ఆయాసపడుతూ నవ్వుకునేవాళ్లం. ఇంటికి పోయి స్నానం చేస్తూ ఒళ్లు మండిపోయేంత కోపం తెచ్చుకునేదాన్ని. ఈ సంతోషం నాకు రావలసింది కాదు. నలభై దగ్గరపడ్డాక మళ్లీ పరిగెత్తే హక్కు కూడా దొంగసొమ్మే. గంగామణికి షుగరు వస్తే ఏ డాక్టరు చెబుతాడు పరిగెత్తమని? చెప్పినా అది పరిగెడుతుందా, కాళ్లల్లో దమ్ము లేదని నేను దాని చేత నమ్మించాక?

అప్పుడే మధ్యవయసు వాళ్లకు జిల్లా పోటీలు పెట్టారు. ఆఫీసువాళ్లు నా పేరు ఇచ్చేశారు. వద్దన్నాను. గట్టిగా వద్దనలేదు. చీటీలు తీస్తే నాకు అన్నిటికంటే బయటి లైను వచ్చింది. పోయి నా గీత మీద నిలబడ్డాను. అందరికంటే ముందు, ఒక్కదాన్నే. తాడు అవతల చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె పక్కామెతో అంది, "ఆ మేడమ్‌ను గంత ముంగట నిలవెట్టిండ్రేంది? ఆఫీసరనా?"

నేను ఏం చేశానో తెలుసా? పరుగు మొదలయ్యే ముందు వెనక్కి తిరిగాను. కోపంతో గొంతు పెంచి, "ముందు కాదమ్మా ఇది! బయటి చుట్టు పెద్దది, అందుకే ముందు నిలబెడతారు. అందరిదీ ఒకటే దూరం! తెలియకుండా మాట్లాడొద్దు" అన్నాను. చేత్తో గీతలు చూపించి మరీ చెప్పాను. అందరూ విన్నారు. అర్థమై తల ఊపారు. అర నిమిషం పట్టలేదు.

అర నిమిషం! నా పరువు పోతుందనగానే నోట్లోంచి ఊడిపడ్డ ఆ మాట, ఆ రోజు బోధన్‌లో ఒక పిల్లను చూసి ఊరంతా నవ్వుతుంటే ఎక్కడ చచ్చింది? తుపాకీ పేలింది, పరిగెత్తాను. ఎలా పరిగెత్తానో గుర్తులేదు. మా వయసువాళ్లలో మొదట వచ్చానన్నారు. శాలువా కప్పారు. మైకులో ఒకాయన, "వీరు విద్యార్థి దశ నుంచే జిల్లా ప్రథములు" అన్నాడు. మైకు నా చేతికిచ్చాడు. చెప్పొచ్చు. అక్కడే చెప్పొచ్చు. "అందరికీ ధన్యవాదాలు" అని చెప్పి దిగాను. ఇంటికొచ్చి ఆ శాలువాను చూస్తే నా మీద నాకు పుట్టిన కోపానికి అన్నం సహించలేదు.

మర్నాడు సెలవు పెట్టి బోధన్ బస్సెక్కాను. దాని ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ముంగటి గంగ అంటే ఇప్పటికీ చూపించారు. వాకిట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకులు, తంబాకు. నన్ను చూసి గుర్తుపట్టింది. "నువ్వానే? ఏందే గింత లావైనవ్! కూసో" అని నవ్వింది. చాయ్ పెట్టించింది. మా ఇంటివాళ్లందరి క్షేమం అడిగింది. నేను చాయ్ పూర్తిగా తాగాను. అంత సిగ్గులేనిదాన్ని.

తర్వాత చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, అది ఎప్పుడో అడిగిన దానికి జవాబుతో మొదలుపెట్టాను. ముందు ఎందుకు నిలబెడతారో. మాటలతో దానికి ఎక్కలేదు. దాని చాట అంచు వెంట ఒక వేలు, లోపల తంబాకు చుట్టూ ఒక వేలు తిప్పి చూపించాను. అంచు మీది వేలు ఎక్కువ దూరం పోయిందని దానికి తెలిసింది. చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం నా వేళ్ల మీద.

"అంటె నేను ముంగట లేకుంటినా?" అంది.

"లేవు. అందరం ఒక్కతీరుగనే ఉండాలె. నువ్వొక్కదానివే ఎన్కకు ఉంటివి. గీత నేనే జరిపిన. రెండడుగులు."

బీడీ చుట్టే చేతులు ఆగవు. మాట్లాడుతున్నా, కొట్లాడుతున్నా, పిల్లకు పాలిస్తున్నా ఆగవు. ఆగాయి. పక్కనున్న ఇద్దరూ తలలెత్తారు.

నేను అప్పటి నా వయసు గురించి, భయం గురించి ఏదో మొదలుపెట్టాను. అది వినలేదు.

"హాస్టల్ పోతె పోనీ" అంది. "నౌకరి పోతె పోనీ. అవి నేను ఎన్నడు సూసిన్నా, ఏడ్వనీకి? మా అవ్వ సచ్చేదాక అన్నదే. ముంగట నిలవెట్టినా గెలువలేనిదానివి అని. నా లగ్గమప్పుడు అన్నది. మొన్న దవాఖానల మంచం మీద గూడ అన్నది, నవ్వుకుంట. నేను గూడ గట్లనే అనుకున్న. ఏ పనిల చెయ్యి వెట్టాలన్నా అనుకున్న, నాతోని కాదు, ముంగట నిలవెట్టినా నాతోని కాలే అని. మిషిన్ కుట్టుడు నేర్సుకుంట అంటె ఒద్దనుకున్న. సంఘంల లీడరుగ ఉండుమంటె ఒద్దన్న. నువ్వు నా కాళ్లు కాదే, నా పానం తీసినవ్."

"నీకు ఏం జెయ్యమన్నా జేస్త" అన్నాను.

"ఏం జేస్తవ్? మా అవ్వను లేపుకస్తవా, ఆమెకు సెప్పనీకి?" గొంతు లేచింది. "నాకొక్కదానికి సెప్పి, ఇంటికి పోయి మంచిగ పంటవ్ నువ్వు. నవ్వినోళ్లకు సెప్పు. దమ్ముంటె వాళ్లకు సెప్పు."

లేచాను. వాకిలి దాటుతుంటే పిలిచింది. "ఆగు. గీత జరపకుంటె ఎవలు గెలుస్తుంటిరి?"

"నువ్వే."

"వీళ్లకు ఇనవడలే. మల్ల సెప్పు."

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ల వైపు తిరిగి గట్టిగా చెప్పాను. వాళ్లు నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. గంగామణి నన్ను చూడలేదు. "ఇగ పో" అని చాట దగ్గరికి లాక్కుంది.

క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే ఆ చాట నా మొహాన కొట్టేది, కొట్టాల్సిందే. నిజం చెప్పాలంటే బస్సులో నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. అప్పుడే ఎందుకు అడగలేదు గట్టిగా, సారును ఎందుకు అడగలేదు, నా మాట ఎందుకు నమ్మింది? నమ్మినందుకు దాన్ని తిట్టుకున్నాను. నేను అంతటిదాన్నని మీకు తెలియాలి. మంచిదాన్నయిపోయి ఇది రాయడం లేదు.

నవ్వినవాళ్లకు చెప్పమంది. ఆ బండ్లవాళ్లను ఎక్కడని వెతకను? వాళ్లు ఏ ఊళ్లవాళ్లో. సారు పోయి చాలా ఏళ్లయింది. మా అక్కకు ఫోన్ చేసి చెప్పాను, విని పెట్టేసింది. మిగిలినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పేరు పెట్టకుండా రాస్తే చెప్పినట్టా? సగమే. ఉద్యోగం పోతుందని భయం, మా ఆయన మొహం ఎలా చూడాలని భయం. ఆ సగం ఇంకా నా నెత్తి మీదే ఉంది, ఉండనీ. కానీ గంగామణి పేరు మార్చలేదు. ఇది రాస్తున్నానని తెలియజేస్తే, మార్చొద్దంది అది, కబురు పంపి మరీ.

రాస్తుంటే ఎన్నోసార్లు కాగితం చింపాను. ఇప్పుడు ఆఖరుకు వచ్చాక ఛాతీలో ఏదో కొంచెం సడలింది. దానికి సంతోషించే హక్కు లేదని తెలుసు, అయినా సడలింది. మీరు ఎనభైల్లో బోధన్‌లో ఉన్నవాళ్లయితే, ఆ చెరకు బండ్ల మీద కూర్చుని మీరో మీవాళ్లో నవ్వి ఉంటే, వినండి. ఆ పిల్ల ముందు నిలబడలేదు. అందరికంటే రెండడుగులు వెనక నిలబడి పరిగెత్తి, జానెడు తేడా దాకా వచ్చింది. ఆ రోజు గెలిచింది గంగామణి.